ప్యాకెట్‌కి రెండు రూపాయలు క్యాన్సర్ నిధికి: సంతకం పెట్టే ముందు ఏం అడగాలి?

తెనాలి_సమితి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది చిన్న మహిళా సేవాసమితి. ట్రస్టుగా నమోదైంది, దాతలకి పన్ను మినహాయింపు ఇచ్చే 80జి నమోదూ ఉంది. వంటనూనెల కంపెనీ ఒకటి (పేరు అనవసరం) అక్టోబరు నెలకి ఒక ప్రతిపాదన పంపింది. లీటరు ప్యాకెట్లని గులాబీ రంగులో వేస్తారట. ప్రతి ప్యాకెట్ మీద 2 రూపాయలు రొమ్ము క్యాన్సర్ నిధి కింద మా సమితికి ఇస్తారట. ఒప్పందం ముసాయిదాలో "గరిష్ఠంగా 3 లక్షలు" అని ఉంది. ప్యాకెట్ మీద, హోర్డింగుల మీద మా పేరూ లోగో ఏడాదిపాటు వాడుకునే హక్కు వాళ్ళది. రెండు రోజులు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) వ్యాన్ తెచ్చి 300 మందికి ఉచితంగా పరీక్షలు చేయిస్తారు. జబ్బు నయమైన ఇద్దరు ముగ్గురి ఫొటోలు హోర్డింగులకి మేము సమకూర్చాలి.

సమితిలో రెండు వర్గాలు తేలాయి. "ఎవరి ప్రచారం ఎవరికైతేనేం, 3 లక్షలు ఊరికే వస్తాయా" అని ఒకరు. "ఇది నూనె అమ్ముకోవడానికి క్యాన్సర్‌ని వాడుకోవడం, దగ్గరికి రానివ్వొద్దు" అని ఇంకొకరు. నాకు తెలియాల్సింది మాత్రం ఇది: ఒప్పందంలో ఏ మాటలు మార్చమని అడగాలి? వ్యాన్ విషయంలో ఏం చూసుకోవాలి? ఇలాంటి ప్రచారాల మీద బయటి దేశాల్లో గొడవ జరిగిందంటారు, అసలు గొడవ దేని గురించి?

పద్దుపుస్తకం

ముందు ఒక భాగహారం చేయండి. 3 లక్షల్ని 2తో భాగిస్తే లక్షన్నర ప్యాకెట్లు. అక్టోబరులో వాళ్ళు అమ్మేది 10 లక్షల ప్యాకెట్లయితే, కొన్నవాళ్ళు ప్యాకెట్‌కి 2 రూపాయలు ఇచ్చామనుకుంటారు, మీకు చేరేది ప్యాకెట్‌కి 30 పైసలు. లక్షన్నర దాటిన దగ్గర్నుంచి ప్రతి గులాబీ ప్యాకెట్ మీద ఉన్న మాట అబద్ధమే. కాబట్టి మొదట అడగాల్సింది పోయిన ఏడాది అక్టోబరులో ఈ ప్రచారం నడిచే జిల్లాల్లో ఎన్ని లీటరు ప్యాకెట్లు వెళ్ళాయన్నది. ఆ అంకె చెప్పడానికి నసిగితే సంగతి మీకే అర్థమవుతుంది.

ఈ తిరకాసు కొత్తది కాదు. 1999లో అమెరికాలో యోప్లే పెరుగు కంపెనీ మూతకి 50 సెంట్లు రొమ్ము క్యాన్సర్ పరిశోధనకి ఇస్తామంది. జనం మూతలు కడిగి, కవర్లో పెట్టి, తమ ఖర్చుతో స్టాంపు అంటించి 94 లక్షల మూతలు పంపారు. ఆ లెక్కన 47 లక్షల డాలర్లు రావాలి. కంపెనీ పెట్టుకున్న గరిష్ఠ పరిమితి మాత్రం లక్ష డాలర్లు. జార్జియా రాష్ట్ర అటార్నీ జనరల్ విచారణ మొదలుపెట్టాక ఇంకో 63 వేల డాలర్లు కక్కారు. తర్వాతి ఏళ్ళలో మూతకి 10 సెంట్లు చేసి, కనీసం ఇంత, గరిష్ఠంగా ఇంత అని రెండు అంకెలూ వేయడం మొదలుపెట్టారు. ఆ "కనీసం" అన్న మాటే మీ ముసాయిదాలో లేదు.

ఒప్పందంలో రాయించాల్సినవి చెప్తాను. అమ్మకం ఎంతైనా సరే ఇంత ఇస్తామన్న కనీస హామీ ఉండాలి, అందులో సగమైనా ప్రచారం మొదలయ్యే ముందే మీ ఖాతాలో పడాలి. గరిష్ఠ పరిమితి ఉంచుకుంటామంటే, "ప్రతి ప్యాకెట్‌పై 2 రూపాయలు" అన్న అక్షరాలు ఎంత సైజులో ఉంటే "మొత్తం 3 లక్షల వరకు" అన్నవీ అంతే సైజులో, అదే వైపున ఉండాలి. పరిమితి చేరిన రోజు నుంచి స్టాకిస్టుల దగ్గర మిగిలిన గులాబీ సరుకు సంగతేమిటో రాయాలి: పరిమితి ఎత్తేసి డబ్బు కడతారా, స్టిక్కరు వేస్తారా? "అమ్మిన ప్యాకెట్" అంటే ఏమిటో నిర్వచనం చాలా ముఖ్యం. ఫ్యాక్టరీ నుంచి స్టాకిస్టుకి వెళ్ళిందా, దుకాణంలో బిల్లు పడిందా? ఫ్యాక్టరీ ఇన్వాయిస్ లెక్కే మీకు మంచిది, ఎందుకంటే దాన్ని జీఎస్టీ రిటర్నులతో సరిచూడొచ్చు. దుకాణం లెక్క మీరెప్పటికీ తేల్చలేరు. ప్రచారం ముగిసిన 45 రోజుల్లో వాళ్ళ స్టాట్యుటరీ ఆడిటర్ సంతకంతో అమ్మకాల ధ్రువపత్రం, 60 రోజుల్లో మిగతా డబ్బు. లోగో హక్కు ఏడాది కాదు, ప్రచారం జరిగే రోజులే, మిగిలిన సరుకు అమ్ముకోవడానికి ఇంకో నెల. పేరు వేసిన ప్రతి డిజైనూ అచ్చుకి ముందు మీరు చూసి ఒప్పుకోవాలి.

జీఎస్టీ దగ్గర చాలా ట్రస్టులు బోర్లా పడతాయి. విరాళం అంటే తిరిగి ఏమీ ఆశించనిది. దాత పేరు కృతజ్ఞతగా ఒక బోర్డు మీద వేస్తే ఫరవాలేదు, 2019 అక్టోబరులో వచ్చిన 116వ నంబరు జీఎస్టీ సర్క్యులర్ ఆ మాటే చెప్పింది. కానీ ఇక్కడ మీరు వ్యాపార ప్రకటన కోసం మీ లోగో అద్దెకిస్తున్నారు. పేరు విరాళమైనా దీన్ని సేవగా చూసే అవకాశం ఉంది. సేవల మీద వచ్చే రాబడి ఏడాదికి 20 లక్షలు దాటకపోతే నమోదు అక్కర్లేదు గనక మీకు ఇబ్బంది ఉండకపోవచ్చు. హాలు అద్దెలూ గట్రా ఉంటే కలిపి చూసుకోండి. అలాగే దీనికి 80జి రసీదు కళ్ళు మూసుకుని ఇచ్చేయకండి, మీ ఆడిటర్ని అడిగి ఇవ్వండి.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇంకోటుంది. ఈ 3 లక్షలు వాళ్ళు ఏ పద్దులో రాస్తారు? మార్కెటింగా, సీఎస్ఆరా (కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చు)? కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటినా గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. 2021లో సవరించిన రూల్స్ ప్రకారం, తమ సరుకుకి ప్రచార లాభం వచ్చేలా స్పాన్సర్ చేసిన పనులు సీఎస్ఆర్ కిందకి రావు. గులాబీ ప్యాకెట్ వేసి, నూనె అమ్మి, అదే డబ్బుని వార్షిక నివేదికలో సీఎస్ఆర్‌గా చూపడమంటే రెండు పడవల మీద కాళ్ళు పెట్టడమే. మార్కెటింగ్ పద్దు అయితే "ఈ మొత్తాన్ని సీఎస్ఆర్ వ్యయంగా చూపము" అని రాసిమ్మనండి. సీఎస్ఆర్ అయితే ప్యాకెట్‌తో ముడి తెంచేసి నేరుగా ఇమ్మనండి. అప్పుడు మీకు, సీఎస్ఆర్ డబ్బు తీసుకునే సంస్థలు చేయించుకునే సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి, అది లేకపోతే ఇవాళే మొదలుపెట్టండి.

నెగటోస్కోప్

వ్యాన్ సంగతి నేను చెప్తాను. రెండు రోజుల్లో 300 మంది అన్న అంకె దగ్గరే ఆగండి. ఒక మామోగ్రామ్ అంటే రెండు వైపులా రెండేసి కోణాలు, మొత్తం నాలుగు బొమ్మలు. మనిషి లోపలికొచ్చి, వివరాలు రాసి, బట్టలు మార్చుకుని, సరిగ్గా నిలబెట్టి, తీసి పంపేసరికి 12 నుంచి 15 నిమిషాలు. ఒక మెషీను మీద ఆరేడు గంటల్లో 25, 30 మందికి తీయొచ్చు. రెండు రోజులకి 60. మరి 300 ఎలా అవుతారు? అయితే బొమ్మలు హడావిడిగా తీసి పనికిరాకుండా చేస్తారు, లేదా చేత్తో చూసినవాళ్ళనీ కరపత్రం తీసుకున్నవాళ్ళనీ కూడా "పరీక్షించినవాళ్ళు" అని కలిపేస్తారు.

వ్యాన్‌కి ఆటమిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు లైసెన్సు ఉందా, కాపీ తీసుకోండి. బండి కొత్త చోట ఆగిన ప్రతిసారీ ఫాంటమ్ (రొమ్ముకి బదులుగా పెట్టే నమూనా దిమ్మ) పెట్టి బొమ్మ నాణ్యత చూసుకోవాలి, గతుకుల రోడ్డు మీద వచ్చిన మెషీను ఎలా ఉందో ఎవరికి తెలుసు. బొమ్మలు తీసేది మహిళా టెక్నాలజిస్టేనా, చదివే రేడియాలజిస్టు ఎవరు, రిపోర్టు ఎన్ని రోజుల్లో, ఎవరి సంతకంతో? ఇవన్నీ ముందే కాగితం మీద ఉండాలి. వయసు 40 నిండినవాళ్ళకే పెట్టండి. అంతకన్నా చిన్నవాళ్ళలో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి బొమ్మ తెల్లగా వచ్చేస్తుంది, గడ్డ ఉన్నా దాక్కుంటుంది. వాళ్ళకి గడ్డ తగిలితే అల్ట్రాసౌండ్ చేయించాలి. ఆ రోజు చంకల్లో పౌడరు, డియోడరెంటు రాసుకుని రావొద్దని ముందురోజే చెప్పాలి. పౌడరు రేణువులు బొమ్మలో సున్నపు చుక్కల్లా కనపడి లేనిపోని అనుమానం తెస్తాయి. క్యాంపుల్లో ఎవరూ ఈ మాట చెప్పరు.

ఇక అసలు గోతి వ్యాన్ వెళ్ళిపోయాక మొదలవుతుంది. మొదటిసారి తీయించుకున్నవాళ్ళలో నూటికి పది మందినైనా ఇంకో పరీక్షకి పిలవాల్సి రావొచ్చు. రిపోర్టు చివర వేసే గ్రేడుని బైరాడ్స్ అంటారు. బైరాడ్స్ సున్నా అని రాశారంటే "ఇంకా తేలలేదు" అని, జబ్బు లేదని కాదు. చాలామంది సున్నా చూసి హమ్మయ్య అనుకుని ఇంటికెళ్ళిపోతారు. రిపోర్టు ఇచ్చేవాళ్ళు ఈ ఒక్క ముక్కా తెలుగులో చెప్పగలగాలి. పిలిచిన పదిమందిలో తొమ్మిది మందికి పైగా క్యాన్సర్ ఉండదు, ఆ మాట కూడా చెప్పకపోతే ఊరంతా భయం పాకుతుంది. బైరాడ్స్ మూడు అంటే ఆరు నెలలకి మళ్ళీ చూడాలి. నాలుగు, ఐదు అంటే బయాప్సీ.

బయాప్సీ అంటే 14 గేజ్ సూదితో తీసే కోర్ బయాప్సీ. ఊళ్ళో సర్జన్ దగ్గర గడ్డ మొత్తం కోయించేస్తే తర్వాత వైద్యం అంతా చిక్కుపడుతుంది. తీసిన ముక్క గంటలోపు ముక్క పాడవకుండా కాపాడే 10 శాతం బఫర్డ్ ఫార్మాలిన్‌లో పడాలి, ఆరు గంటల కన్నా తక్కువ గానీ 72 గంటల కన్నా ఎక్కువ గానీ అందులో ఉండకూడదు. సెలైన్ సీసాలో వేసి శనివారం పంపితే సోమవారం ల్యాబ్ చేరేసరికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షల ఫలితాలు నమ్మలేం. ఆ మూడూ తప్పితే మందే తప్పుతుంది. హెర్2 రెండు ప్లస్ వస్తే, అంటే ఎటూ తేలకపోతే, ఫిష్ అనే జన్యు పరీక్ష కూడా కావాలి, ఖర్చు ఇంకా పెరుగుతుంది.

కాబట్టి కంపెనీతో నేనైతే వ్యాన్ బేరమే మానేస్తాను. ఆ డబ్బుతో గడ్డ ఉందని వచ్చినవాళ్ళకి అల్ట్రాసౌండ్, కోర్ బయాప్సీ, ఈఆర్-పీఆర్-హెర్2, గుంటూరుకో హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్ళొచ్చే బస్సు ఛార్జీలు, తోడొచ్చినవాళ్ళ బస ఖర్చులు భరించమంటాను. ఆపరేషన్, కీమో లాంటివి ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్యసేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ చూసుకుంటాయి. ఆంధ్రాలో పరిమితి 25 లక్షలకి, తెలంగాణలో 10 లక్షలకి 2023 డిసెంబరులోనే పెంచారు. పేదవాళ్ళు జారిపోయేది ఆ కార్డు పనిచేయడం మొదలయ్యేలోపు. జబ్బు పేరు తేలేదాకా చేతి డబ్బే, కూలి పోయేదీ అప్పుడే.

చేత్తో పరీక్షని తక్కువ చేయకండి. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మందికి పైగా ఆడవాళ్ళ మీద 20 ఏళ్ళు నడిపిన అధ్యయనం 2021లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చింది. శిక్షణ ఇచ్చిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో చూశారు. 50 దాటినవాళ్ళలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అన్ని వయసులూ కలిపితే 15 శాతమే, అది గణాంకంగా గట్టి తేడా కాదు. మెషీను లేకుండా ఇంత సాధ్యమైంది, కాకపోతే మళ్ళీ మళ్ళీ చూడాలి. ఒక్క అక్టోబరులో ఒక్కసారి చూస్తే ఆ ఫలితం రాదు. 30 దాటినవాళ్ళకి చేత్తో పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. మీ పీహెచ్‌సీ డాక్టరు గారితో, ఏఎన్ఎం, ఆశా అమ్మాయిలతో కలిసి చేస్తే మీ 3 లక్షలు ఎక్కువ దూరం వెళ్తాయి.

ఎడిసన్_గోంగూర

గొడవ దేని గురించి అని అడిగారు కదా. ఇక్కడ అమెరికాలో ఇది ముప్ఫై ఏళ్ళ పంచాయితీ, రొమ్ము క్యాన్సర్‌కి గుర్తుగా పెట్టుకునే గులాబీ రిబ్బన్ పుట్టుకతోనే మొదలైంది.

కాలిఫోర్నియాలో షార్లెట్ హేలీ అనే ఆవిడ ఇంట్లో కూర్చుని పీచు పండు రంగు రిబ్బన్లు కుట్టి, ఒక్కో దానికీ చిన్న కార్డు తగిలించి పంచేది. అమెరికా ప్రభుత్వ నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ బడ్జెట్ ఏడాదికి 180 కోట్ల డాలర్లు, అందులో నివారణకి పెడుతున్నది 5 శాతమే, చట్టసభల వాళ్ళని లేపుదాం రండి అని ఆ కార్డు సారాంశం. 1992లో సెల్ఫ్ పత్రిక, ఎస్టీ లాడర్ సౌందర్య సాధనాల కంపెనీ ఆ రిబ్బన్ తమకి కావాలన్నాయి. ఇది వ్యాపారం అయిపోతుందని ఆవిడ ఒప్పుకోలేదు. లాయర్ల సలహాతో రంగు మార్చేశారు, గులాబీ రంగు అలా వచ్చింది. రంగుతోపాటు కార్డు మీది ప్రశ్న కూడా పోయింది. నన్నడిగితే గొడవ మొత్తం ఇందులోనే ఉంది. అంతకుముందే, 1985లో, అక్టోబరుని అవగాహన మాసంగా మొదలుపెట్టిన వాటిలో అమెరికన్ క్యాన్సర్ సొసైటీతోపాటు ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ మందుల విభాగం ఉంది. రొమ్ము క్యాన్సర్‌కి వాడే టామాక్సిఫెన్ మాత్ర వాళ్ళదే, తర్వాత ఆ విభాగమే ఆస్ట్రాజెనెకాలో కలిసింది.

2002లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని బ్రెస్ట్ క్యాన్సర్ యాక్షన్ అనే సంస్థ "గులాబీ కొనేముందు ఆలోచించండి" అన్న అర్థం వచ్చే ప్రచారం మొదలుపెట్టింది. అప్పుడు వాళ్ళ గురి అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డు. ఒక్కో లావాదేవీకి ఒక సెంటు ఇస్తామన్నారు. వెయ్యి డాలర్ల టీవీ కొన్నా ఒక సెంటే. విమర్శ రెండు రకాలు, కలిపేయకండి. ఒకటి లెక్కల విమర్శ, పైన పద్దుపుస్తకం గారు చెప్పినది. రెండోది సరుకు విమర్శ: జబ్బు పేరుతో అమ్మే సరుకే ఆ జబ్బుకి కారణం అయ్యే అవకాశం ఉంటే? "పింక్ వాషింగ్" అన్న మాట దీనికే పుట్టింది. అదే యోప్లేని, ఆవులకి పాల దిగుబడి పెంచే కృత్రిమ హార్మోను ఇచ్చిన పాలు వాడొద్దని పట్టుబట్టారు. 2009లో, అమెరికాలో యోప్లే అమ్మే జనరల్ మిల్స్ కంపెనీ మానేసింది. ఈ పోరాటాల్లో స్పష్టంగా గెలిచింది ఇదొకటి.

2010లో కేఎఫ్‌సీ గులాబీ బకెట్లు వచ్చాయి, రొమ్ము క్యాన్సర్ సేవాసంస్థ సుసాన్ జి. కొమెన్ ఫౌండేషన్‌తో కలిసి. బకెట్‌కి 50 సెంట్లు. వేయించిన కోడి, క్యాన్సర్ అని జనం నవ్వారు గానీ నాకు చిన్నక్షరాలే ఎక్కువ ఆసక్తి. ఆ 50 సెంట్లు కొనేవాళ్ళ బకెట్‌కి కాదు, ఫ్రాంచైజీ యజమాని కంపెనీ నుంచి తెప్పించుకున్న ఖాళీ బకెట్‌కి. మీరు కొన్నా కొనకపోయినా మొత్తం మారదని వాళ్ళే రాశారు. 85 లక్షల డాలర్లు లక్ష్యం, 42 లక్షలు వచ్చాయి. 2014లో బేకర్ హ్యూస్ చమురు, గ్యాస్ బావులు తవ్వే వెయ్యి డ్రిల్ బిట్లకి గులాబీ రంగు వేసి కొమెన్‌కి లక్ష డాలర్లు ఇచ్చింది. దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

కంపెనీలే దొంగలు అనుకుంటే పొరపాటు. 2015లో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్, 50 రాష్ట్రాలూ కలిసి నాలుగు క్యాన్సర్ సేవాసంస్థల మీద కేసు పెట్టాయి. దాతల దగ్గర 18.7 కోట్ల డాలర్లు వసూలు చేసి, రోగులకి చేర్చింది నామమాత్రం. అందుకే ఇక్కడి తెలుగు సంఘాలవాళ్ళకి చెప్పేది: ముందు సంస్థ ఏటా పన్ను శాఖకి ఇచ్చే లెక్కల పత్రం, ఫారం 990 చూడండి, ఎవరైనా చూడొచ్చు. కార్యక్రమాల ఖర్చు, జీతాలు, విరాళాల సేకరణ ఖర్చు వేరువేరుగా ఉంటాయి. కంపెనీలతో కలిసి చేసే అమ్మకాలకి బెటర్ బిజినెస్ బ్యూరో 19వ ప్రమాణం ఉంది: ధరలో ఎంత భాగం సంస్థకి చేరుతుంది, ఎప్పటిదాకా, కనీస గరిష్ఠ మొత్తాలు ఉంటే ఎంత, ఇవన్నీ అమ్మే చోటే చెప్పాలి. మసాచుసెట్స్, అలబామా లాంటి చోట్ల ఇలాంటి అమ్మకానికి కంపెనీ ముందే నమోదు చేసుకోవాలి.

షెల్ఫ్_టాకర్

ఇంతసేపూ ఒకవైపు వాదనే నడిచింది. రెండోవైపు నుంచి నాలుగు మాటలు.

గరిష్ఠ పరిమితి మోసం కోసమే పెడతారని కాదు. బ్రాండ్ మేనేజరుకి ఏడాది మొదట్లోనే ఇంత బడ్జెట్ అని ఆమోదం వస్తుంది, దానికి మించి ఒక్క రూపాయి కట్టాలన్నా ఫైనాన్స్ సంతకం కావాలి. పరిమితి లేని హామీ మీద ఏ ఫైనాన్స్ వాళ్ళూ సంతకం పెట్టరు. ప్యాకెట్ లెక్క తీసేసి "ఈ అక్టోబరులో మేము 3 లక్షలు ఇస్తున్నాం" అని సూటిగా వేస్తే సరిపోతుంది. మార్కెటింగ్ వాళ్ళకి ఇది నచ్చదు, ఎందుకంటే "మీరు కొంటే" అన్న మాట పోతుంది. అయినా అడగండి, ఒప్పుకునే అవకాశం కనీస హామీ కన్నా దీనికే ఎక్కువ.

ఇలాంటి ప్రచారాల డబ్బు ఎక్కడా పనిచేయలేదనడం కూడా నిజం కాదు. 2006లో గాయకుడు బోనో, బాబీ శ్రీవర్ మొదలుపెట్టిన రెడ్ బ్రాండు తీసుకోండి, ఆ పేరుతో కంపెనీలు సరుకు అమ్మి కొంత ఎయిడ్స్ నిధికి ఇస్తాయి. 2007లో అడ్వర్టైజింగ్ ఏజ్ పత్రిక, కంపెనీలు ప్రచారానికి 10 కోట్ల డాలర్ల దాకా పోసి రాబట్టింది 1.8 కోట్లే అని రాసింది. లెక్క తప్పు, అప్పటికే 2.5 కోట్లు వచ్చాయని రెడ్ వాళ్ళు వాదించారు. ఆ వాదం అలా ఉండగానే, ఇప్పటికి 70 కోట్ల డాలర్లు దాటి, ఎయిడ్స్, టీబీ, మలేరియాల మీద పనిచేసే గ్లోబల్ ఫండ్‌కి చేరాయి, ఆఫ్రికా దేశాల్లో ఎయిడ్స్ మందులకి వెళ్ళాయి. 2014లో నెత్తిన ఐస్ నీళ్ళు పోసుకుని వీడియో పెట్టే ఐస్ బకెట్ ఛాలెంజ్ కొన్ని వారాల్లోనే, ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే ఏఎల్ఎస్ అసోసియేషన్‌కి 11.5 కోట్ల డాలర్లు తెచ్చింది. ఆ డబ్బు సాయంతో జరిగిన పరిశోధనలో 2016లో ఆ జబ్బుతో ముడిపడిన నెక్1 జన్యువు బయటపడింది. (మన హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి గారు అప్పుడే దాన్ని బియ్యం బకెట్‌గా మార్చారు. నెత్తిన నీళ్ళు పోసుకునే బదులు పక్కింటి పేదవాళ్ళకి బకెట్ బియ్యం. వీడియో బాగోకపోయినా బియ్యం మాత్రం చేరాయి.)

ఎడిసన్_గోంగూర

షెల్ఫ్_టాకర్ గారూ, ఐస్ బకెట్‌ని ఈ గంపలో వేయకండి. అందులో కొనాల్సిన సరుకు లేదు, జనం నేరుగా ఇచ్చారు. రెడ్ సంగతి ఒప్పుకుంటాను, అది పనిచేయడానికి కారణం కూడా చూడండి. డబ్బు ఒకే చోటికి వెళ్తుంది, ఆ చోటు మందులు కొంటుంది, మందు వేసుకుంటే మనిషి బతుకుతాడని అప్పటికే తేలిపోయింది. "అవగాహన" కొనే డబ్బుకి ఆ గొలుసు ఉండదు. ఇంకో చివర కూడా చెప్పాలి కదా: ఐస్ బకెట్ డబ్బు 22 లక్షల డాలర్లు పెట్టిన ఒక మందు 2022లో ఆమోదం పొంది, పెద్ద ట్రయల్‌లో పనిచేయక 2024లో మార్కెట్ నుంచి పోయింది. పరిశోధన అంటే అంతే, దాన్ని తప్పు పట్టను. నూనె ప్యాకెట్ మీద "క్యాన్సర్‌ని జయిద్దాం" అని వేయడమే నాకు మింగుడుపడదు.

షెల్ఫ్_టాకర్

గొలుసు మాట ఒప్పుకుంటాను. కానీ ప్రపంచ దేశాల క్యాన్సర్ లెక్కలు వేసే గ్లోబొకాన్ 2022 అంచనా ప్రకారం మన దేశంలో ఏడాదికి లక్షా 92 వేల కొత్త రొమ్ము క్యాన్సర్లు, 98 వేల మరణాలు. ముదిరాక రావడమే మన దగ్గర సమస్య. గడ్డ నొప్పి లేకపోయినా చూపించుకోవాలన్న ఒక్క ముక్క పల్లెలో వంటింటి దాకా తీసుకెళ్ళే కాగితం నూనె ప్యాకెట్ కన్నా ఏముంది? రిబ్బన్ బొమ్మ కాకుండా ఆ ముక్కే అచ్చు వేయమనండి.

తెనాలి_సమితి

అందరికీ ధన్యవాదాలు. వ్యాన్ వద్దు, పరీక్షల ఖర్చులు భరించండి అని అడగాలని సమితిలో దాదాపు ఒప్పుకున్నారు. ఇంకా రెండు ఉన్నాయి. కంపెనీవాళ్ళు ఇంకో మాట కూడా అన్నారు: వాళ్ళ సొంత దుకాణాల్లో బిల్లుని పైకి రౌండ్ చేసి ఆ చిల్లర కూడా నిధికి ఇస్తారట. ఇది మంచిదేనా? ఫొటోల విషయం ఎవరూ చెప్పలేదు.

పద్దుపుస్తకం

చిల్లర విషయంలో జాగ్రత్త. అది కంపెనీ డబ్బు కాదు, కొన్నవాళ్ళది. చెక్కు మీద కంపెనీ పేరు, పేపర్లో కంపెనీ ఫొటో. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. ఒప్పుకుంటే మూడు షరతులు పెట్టండి. కౌంటర్లో అడిగాకే కలపాలి, ముందే కలిపేసి వద్దంటే తీసేయడం కుదరదు. బిల్లు మీద ఆ పైసలు వేరే లైనులో, మీ ట్రస్టు పేరుతో కనపడాలి. ఈ మొత్తం పైన చెప్పిన 3 లక్షల్లో కలవకూడదు, వాళ్ళ సీఎస్ఆర్‌లోనూ కలవకూడదు. ఉద్యోగుల సేవా గంటలకి వెల కట్టి సీఎస్ఆర్‌లో చూపడానికే కుదరనప్పుడు ఖాతాదారుల చిల్లర చూపడం ఎలా కుదురుతుంది? పాన్, ఆధార్ లాంటి వివరాలు లేకుండా ఆ చిల్లర ఇచ్చినవాళ్ళ పేరున పన్ను మినహాయింపుకి కావాల్సిన విరాళం సర్టిఫికెట్ కూడా రాదు, కాబట్టి "పన్ను మినహాయింపు" అన్న మాట కౌంటర్ బోర్డు మీద ఎక్కడా ఉండకూడదు.

హోర్డింగు భాష కూడా చూసుకోండి. 2022 జూన్‌లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పెద్దక్షరాల్లో చెప్పిన మాట ఏ భాషలో ఉంటే షరతు కూడా ఆ భాషలోనే ఉండాలి, ఆ షరతు పెద్ద మాటని కొట్టేసేలా ఉండకూడదు. "ప్రతి ప్యాకెట్‌పై 2 రూపాయలు" అని తెలుగులో, "3 లక్షల వరకే" అని అడుగున ఇంగ్లీషులో వేస్తే రెండు తప్పులూ ఒకేసారి. మొదటిసారికి 10 లక్షల వరకు జరిమానా వేయొచ్చు. ఫిర్యాదుకి 1915 నంబరు ఉంది. ఈ పేరా అలాగే కత్తిరించి వాళ్ళ లీగల్ వాళ్ళకి పంపండి, బేరం కొంచెం మెత్తబడుతుంది.

నెగటోస్కోప్

ఫొటోలకి: అనుమతి పత్రం తెలుగులో ఉండాలి, చదవలేనివాళ్ళకి మీలో ఒకరు చదివి వినిపించాలి. ఏ ఊళ్ళల్లో, ఎన్ని రోజులు, ప్యాకెట్ మీదా హోర్డింగు మీదా ఫోన్‌లోనా అన్నది రాయాలి. ఎప్పుడు వద్దన్నా తీసేస్తామని ఉండాలి, ఎన్ని రోజుల్లో తీస్తారో కూడా. వైద్యం సాయం అందుతున్న మనిషిని ఫొటో అడగొద్దు, కాదంటే సాయం ఆగిపోతుందేమోనని ఒప్పుకుంటారు. పెళ్ళి కావాల్సిన ఆడపిల్లలున్న ఇంట్లో ఈ జబ్బు పేరు బయటికి రావడం ఎంత తంటాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. జబ్బు తిరగబెట్టే అవకాశం ఎప్పుడూ ఉంటుంది గనక "పూర్తిగా జయించింది" అన్న మాట ఎవరి బొమ్మ కిందా వేయనివ్వకండి. ఈ నూనె వాడితే క్యాన్సర్ రాదన్న ధ్వని ఎక్కడైనా వినపడితే, జబ్బులు నయం చేస్తామనే, రాకుండా ఆపుతామనే ప్రకటనల్ని నిషేధించే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉందని గుర్తుచేయండి.

షెల్ఫ్_టాకర్ గారు చెప్పిన అచ్చు ముక్క నాకు నచ్చింది. ప్యాకెట్ వెనక వేయించాలంటే ఇలా వేయించండి: "రొమ్ములో నొప్పి లేని గడ్డ, చర్మం లోపలికి లాగడం, చనుమొనలోంచి రక్తం, చంకలో గడ్డ. వీటిలో ఏది కనిపించినా రెండు వారాల్లోపు డాక్టరుకి చూపించుకోండి." దాని కింద మీ ఫోన్ నంబరు, రోజుకి రెండు గంటలైనా ఎత్తేవాళ్ళుంటేనే.